పెద్దసారు అడిగిన రెండో కాపీ

దవాఖానాల్లో కంప్యూటర్ పనికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఖమ్మంలో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతారు, మీ అనుభవం రెండు ముక్కలు చెప్పండి అంటారు, నేను మొదలుపెట్టగానే ఫోన్ చూసుకుంటారు. అందుకని రాసి పెడుతున్నాను. కాగితం ఎదుటివాడి మొహం చూడదు, దానికి మొహమాటం లేదు.

ఎప్పుడు చేరాను, ఏ హోదాలో దిగాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి ఇందులో ఉండవు. శాలువాలు రెండు వచ్చాయి, రెండూ గుచ్చుకుంటాయి. నేను చెప్పదలచుకున్నది ఒక్క తప్పు గురించి. అది నేను చేసిందే. దాని వెనకాల ఇంకో తప్పు ఉంది, అదీ నేను చేసిందే.

కొలువు అంటే ఏమిటి

గోదావరికి ఇవతల, బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఒక మిషన్ దవాఖానాలో నా కొలువు. పేరు చెప్పను. నాది కారేపల్లి. ఖమ్మంలో టైపు నేర్చుకున్నాను, ఆ తర్వాత కంప్యూటర్ కోర్సు చేశాను. అపాయింట్‌మెంట్ కాగితంలో ‘కంప్యూటర్ ఇన్‌ఛార్జి’ అని ఉండేది. ఇన్‌ఛార్జి అనేసరికి నా కింద మనుషులుంటారనుకున్నాను. ఉన్నవి నాలుగు కంప్యూటర్లు, అందులో ఒకటి పని చేయదు. ఫ్యాను ఆగినా నన్నే పిలిచేవారు, ప్రార్థన మందిరంలో మైకు గీపెట్టినా నన్నే పిలిచేవారు. కరెంటుతో నడిచే ప్రతి వస్తువూ కంప్యూటరేనని మా వాళ్ళ నమ్మకం.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళవి. నేను సీడీలతో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం నేర్చుకుని దవాఖానాలో పెట్టాను. మా చుట్టుపక్కల అది తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. చెట్టు లేని ఊళ్ళో ఆముదం చెట్టే మహావృక్షం కదా, నేనూ నీడ ఇస్తున్నాననే అనుకునేవాణ్ణి.

అన్నీ ఫైళ్ళే

లినక్స్‌లో డెవ్ అని ఒక డైరెక్టరీ ఉంటుంది. అందులోకి వెళ్ళి చూస్తే హార్డ్ డిస్కు ఒక ఫైలు, ఫ్లాపీ ఒక ఫైలు, ప్రింటర్ ఒక ఫైలు. కంప్యూటర్ వెనకాల బయటి మెషిన్ల వైరు తగిలించడానికి తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు ఉండేది, అదీ ఒక ఫైలే. ఉత్తరాన్ని చదివే కమాండే పోర్టునూ చదువుతుంది. ఉత్తరం రాసినట్టే ప్రింటరుకూ రాయవచ్చు. కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ కొత్త విద్య నేర్చుకునే బాధ లేకుండా దీన్ని ఆలోచించినవాళ్ళకు నేను మనసులో రోజూ దండం పెట్టుకునేవాణ్ణి.

మామూలు ఫైళ్ళ జాబితా తీస్తే ప్రతి పేరు ముందూ అది ఎంత పెద్దదో చూపిస్తుంది. డెవ్‌లో ఆ చోట సైజు ఉండదు, రెండు అంకెలుంటాయి. మొదటిది ఏ డ్రైవర్ ప్రోగ్రాంను పిలవాలో చెబుతుంది. రెండోది ఆ రకం పరికరాల్లో ఇది ఎన్నోదో చెబుతుంది. అంటే లోపల సరుకేమీ లేదు, అది గుమ్మం మీది ఇంటి నంబరు మాత్రమే. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను, పరీక్ష పెడితే నూటికి నూరు వచ్చేవి. చదవడం వేరు, ఒంటికి పట్టడం వేరు.

అదే డైరెక్టరీలో నల్ అనే ఫైలు ఉంది. దాని వెనకాల పరికరమే లేదు. ఏం రాసినా మింగేస్తుంది, చదివితే ఏమీ రాదు, పాడైందని ఎన్నడూ చెప్పదు. మా దవాఖానా వరండాలో సలహాల పెట్టె కూడా అచ్చం అట్లాగే పనిచేసేది.

సౌండ్ కార్డు కూడా ఫైలే. ప్రార్థన మందిరంలో పాటల కోసం ఒక పాత కంప్యూటరుకు మైకు సెట్టు తగిలించాను. ఒకరోజు పాస్టరు గారికి ఈ మహిమ చూపిద్దామని చేతికందిన ఏదో ప్రోగ్రాంను తీసుకెళ్ళి సౌండ్ కార్డు ఫైలులో కుమ్మరించాను. రేకుల మీద రంపం పెట్టినట్టు మోత వచ్చింది. ప్రసూతి వార్డులో నిద్రపోతున్న పిల్లలంతా ఒక్కసారి లేచి ఏడ్చారు. పాస్టరు గారు కళ్ళు మూసుకునే ఉండి, “గిది ఎన్నో కీర్తన ప్రభాకర్?” అని అడిగారు.

నవ్వుకున్నాం, మర్చిపోయాం. నేర్చుకోవలసింది అప్పుడే ఉంది. ఫైలు అని పేరు పెట్టినంత మాత్రాన అది ఫైలు గుణాలన్నీ తెచ్చుకోదు, పరికరం పరికరంగానే ఉంటుంది. నేను నవ్వడం దగ్గరే ఆగిపోయాను.

కార్బన్ కాగితం మనిషి

మా అడ్మినిస్ట్రేటరు సుందర్రావు గారిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. మధిర వైపు మనిషి. సర్కారు కొలువులో సూపరింటెండెంటుగా రిటైరై మా దగ్గరికి వచ్చారు. వస్తూ వస్తూ కార్బన్ కాగితాల కట్ట కూడా తెచ్చుకున్నారని నా అనుమానం. ఏ కాగితమైనా మూడు ప్రతులు ఉండాలి. ఒకటి వెళ్ళేది, ఒకటి దాచేది, ఒకటి ఆయనది. పప్పు కొన్న చీటీకి ఆఫీసు కాపీ, అంబులెన్సు టైరుకు గాలి కొట్టించిన చీటీకి ఆఫీసు కాపీ. ఎవరూ ఏదీ తిరిగి తీసి చదివిన పాపాన పోలేదు. కంతలు కొట్టి ట్యాగు కట్టడంతో ఆ కాగితం జన్మ ధన్యమైపోయేది.

ఒకమాట ఆయన పక్షాన చెప్పాలి. దవాఖానా సూది కూడా ఇంటికి పట్టుకుపోయిన మనిషి కాదు. రోజూ పదిన్నరకు సీట్లో కూర్చుంటారు, ఒంటిగంటకు భోజనానికి లేస్తారు. మధ్యాహ్నం వార్డులు, వంటశాల తిరుగుతారు. దొంగలు చేసే నష్టం మనకు కనిపిస్తుంది. ఇంతటి నిజాయితీపరులు చేసే నష్టం కనిపెట్టడానికి చాలా కాలం పడుతుంది.

మా ల్యాబుకు రక్తకణాలు లెక్కపెట్టే మెషిన్ విరాళంగా వచ్చింది. అది ఒక్కో మనిషి రక్తం చూసి లెక్కలను సీరియల్ వైరులోంచి పంపిస్తుంది. ముందు శాంపిలు నంబరు ఒక లైను, ఆ తర్వాత హిమోగ్లోబిన్ ఇంత, తెల్లకణాలు ఇంత అని లైనుకొకటి. ఆ లైన్లు చదివి స్లిప్పులు ప్రింటు చేసే ప్రోగ్రాం నేనే రాశాను. నంబరు లైను రాగానే ఆ మనిషి పేరు తీస్తుంది, ఆ తర్వాత వచ్చినవన్నీ అతనికే రాస్తుంది, ఇంకో నంబరు వచ్చేదాకా. లైన్లన్నీ అందాయా, మధ్యలో ఏదైనా పోయిందా అని చూసేది కాదు. వైరు ఉంది కదా, ఎందుకు పోతుంది అనుకున్నాను. ఇది గుర్తుపెట్టుకోండి.

మెషిన్ నడుస్తున్న కొన్ని రోజులకు పెద్దసారు పిలిచారు.

“ఏవయ్యా ప్రభాకర్, ఈ మిషన్ రిపోర్టులకి ఆఫీసు కాపీ ఎక్కడుందయ్యా?”

“ల్యాబు కంప్యూటర్ల ఉంటయి సార్. ఎప్పుడు కావాల్నంటే అప్పుడు తీసిస్త.”

“ల్యాబులో ఉంటే అది ల్యాబు కాపీ అవుద్ది. ఆఫీసు కాపీ ఆఫీసులో ఉండాలి. మిషన్లోంచి వచ్చింది వచ్చినట్టు, మధ్యలో ఎవరి చెయ్యీ పడకుండా నా టేబుల్ మీదకి రావాలి. ఎన్ని రోజులు పడుద్ది?”

ఇక్కడ కాస్త బుర్ర గీరుకుని ‘చూసి చెప్తా సార్’ అనాలి. నేను అనలేదు. “రోజులెందుకు సార్, ఒక్క లైను పని” అన్నాను.

ఒక్క లైను పని

నిజంగానే ఒక్క లైను. ఆయన గదిలోని కంప్యూటర్ నెట్‌వర్కు మీదుగా ల్యాబు కంప్యూటరులోకి వెళ్తుంది, అక్కడ పోర్టు ఫైలును తెరుస్తుంది, వచ్చింది వచ్చినట్టు చదివి ఈయన దగ్గర రాసిపెడుతుంది, ఆయన దాన్ని ప్రింటు తీయించి బీరువాలో పెట్టిస్తారు. పోర్టు ఫైలును చదవడానికి అందరికీ అనుమతి లేదు. అయితే ఏం, అనుమతి ఇచ్చేవాణ్ణి నేనే. ఎవరైనా చదువుకోవచ్చునని తలుపు బార్లా తెరిచాను. పెద్దసారు తెర మీద బొమ్మ నొక్కితే పని మొదలవుతుంది, భోజనానికి లేస్తూ తెర మీది ఆ కిటికీ, అంటే విండో, మూస్తే ఆగిపోతుంది.

తప్పు ఎక్కడుందో ఇప్పుడే చెప్పేస్తాను, నేను డిటెక్టివ్ కథ రాయడం లేదు. మామూలు ఫైలును పదిమంది చదివినా అందులో అక్షరాలు తరగవు. పోర్టు అట్లా కాదు. వైరులోంచి వచ్చిన లైను ఎవరు ముందు అడిగితే వాళ్ళ చేతిలో పడుతుంది, అక్కడితో అయిపోతుంది. రెండోవాడికి అది అసలు వచ్చినట్టే తెలియదు. ఒకే కుళాయి కింద రెండు బిందెలు పెట్టి, రెండింటిలోనూ మొత్తం నీళ్ళు పడాలంటే ఎట్లా పడతాయి? నేను చేసింది ఆ పనే. నా ప్రోగ్రామూ పెద్దసారు కిటికీ ఒకే పోర్టు దగ్గర కూర్చుని లైన్ల కోసం పోటీ పడ్డాయి. ఎర్రర్ ఏదీ రాలేదు. ఇద్దరికీ చదివే హక్కు ఉంది, ఇద్దరూ చదువుతున్నారు, ఇక సిస్టముకేం బాధ?

పరీక్షించలేదా అంటారేమో. పరీక్షించాను. పెద్దసారు గదిలో నిలబడి, మెషిన్ పంపిన లైన్లు ఆయన తెర మీద పడుతుంటే ఇద్దరం ఆనందించాం. అదే సమయంలో ల్యాబులో ఏం పడిందో చూడలేదు. మెప్పు వచ్చే గదిలోనే పరీక్ష చేశాను.

తెల్లటి రెప్ప

ల్యాబు టెక్నీషియన్ సలోమిది వైరా. మెషిన్ రాకముందు చాలా ఏళ్ళు అన్ని పరీక్షలూ చేత్తోనే చేసింది. ఎవరి రక్తం తీసినా, తీసేముందు కన్ను కింది రెప్ప లాగి చూడటం ఆమెకు అలవాటు. నేను ఆ అలవాటును చూసి నవ్వేవాణ్ణి.

పెద్దసారు కాపీ మొదలైన నాలుగైదు రోజుల నుంచి సలోమి నా దగ్గరికి వచ్చి, “సార్, కొన్ని స్లిప్పులు వస్తలేవు” అంటూ ఉంది. “వైరు కదిలించి ఉంటవు” అనేవాణ్ణి. ఆమె మెషిన్ మీద మళ్ళీ పంపే బటన్ నొక్కేది, స్లిప్పు వచ్చేది. ఇక నా దృష్టిలో సమస్య తీరిపోయినట్టే.

ఒకరోజు అడవి లోపలి ఊరి నుంచి లచ్చయ్య అనే అతను భార్య జోగమ్మను తీసుకొచ్చాడు. ఏడో నెల, వారం రోజుల నుంచి జ్వరం. రక్తం తీశారు, ఆమె నంబరు పద్నాలుగు. తర్వాతి పదిహేనో నంబరు ఒక బస్సు డ్రైవరుది. ఫిట్‌నెస్ కాగితం కోసం వచ్చాడు, ఏ రోగమూ లేదు. స్లిప్పులు ప్రింటు చేస్తే జోగమ్మకు హిమోగ్లోబిన్ పదమూడున్నర వచ్చింది. డ్రైవరు స్లిప్పు రాలేదు.

సలోమి ఆ స్లిప్పు పట్టుకుని నా గదికి వచ్చింది.

“సార్, పద్నాలుగో నంబరుది తప్పొచ్చింది.”

“మెషిన్ తప్పు చెప్తదా?”

“మెషిన్ ఏం చెప్పిందో నాకు తెల్వదు. ఆమె రెప్ప గుంజి చూసిన, సున్నం లెక్క తెల్లగున్నది. నెత్తురు తీస్తుంటే నీళ్ళ లెక్క వచ్చింది. గామెకు పదమూడున్నర ఎట్లుంటది?”

“నీ కంటికి పదమూడు, పన్నెండు వేర్వేరుగ కనబడ్తయా సలోమీ? గంత కన్నుంటే గీ మెషిన్ ఎందుకు తెచ్చుకున్నం?”

ఆమె స్లిప్పు నా టేబుల్ మీద పెట్టి, “నేనైతే దీని మీద సంతకం పెట్ట” అంది.

పంచాయితీ పెద్దసారు దగ్గరికి వెళ్ళింది. ఆయన సంతకం లేని కాగితాన్ని జీవితంలో మొదటిసారి సమర్థించారు. “కంప్యూటర్లోంచి వచ్చినదానికి సంతకం అక్కర్లేదయ్యా. బ్యాంకుల్లో అట్లాగే ఇస్తన్నారు. కింద ఆ మాట ప్రింటు చేయించు” అన్నారు. చేయించడమేముంది, చేశాను. ‘ఇది కంప్యూటర్ తయారుచేసిన రిపోర్టు, సంతకం అవసరం లేదు’ అనే వాక్యంతో మా దవాఖానా నుంచి వెళ్ళిన మొట్టమొదటి స్లిప్పు జోగమ్మది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నాడట వెనకటికొకడు. మేం దూడను కట్టేసి రశీదు కూడా ఇచ్చాం.

పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్‌లో ఉంది. వార్డులో ఉన్న చిన్న డాక్టరు చేరి నెల కూడా కాలేదు. స్లిప్పు చూశాడు, రక్తం బాగుందన్నాడు, జ్వరానికి గోళీలు రాసి వారం తర్వాత రమ్మని పంపేశాడు.

సలోమి ల్యాబులోకి వెళ్ళి, అటక మీద పెట్టిన పాత గాజు గొట్టం దించింది. రక్తంలో యాసిడ్ కలిపి, నీళ్ళు చుక్కచుక్కగా పోస్తూ, పక్కనున్న గాజు రంగుతో కలిసేదాకా పోల్చి చూసే పాత పద్ధతి అది. ఐదు వచ్చింది. మళ్ళీ చేసింది, మళ్ళీ ఐదే. ఏడో నెల మనిషికి ఐదు అంటే, ప్రసవంలో కాస్త రక్తం పోయినా ప్రాణం నిలవదు. వార్డుకు పరుగెత్తేసరికి మంచం ఖాళీగా ఉంది.

ఒక మనిషి తక్కువైన జీపు

సలోమి తెల్లకోటుతోనే గేటు దాటి పోవడం పెద్దసారు కిటికీలోంచి చూశారు. “డ్యూటీ టైములో ల్యాబు వదిలేసి ఎక్కడికయ్యా ఆ పోయేది? వెళ్ళి తీసుకురా” అన్నారు. నేను స్కూటరు తీశాను. దయచేసి గమనించండి, నేను జోగమ్మ కోసం బయల్దేరలేదు, సలోమిని పట్టుకురావడానికి బయల్దేరాను.

అడవి ఊళ్ళకు వెళ్ళే జీపులు రోడ్డు మీద మర్రిమాను కింద ఆగి జనాన్ని ఎక్కించుకుంటాయి. సీట్లు నిండాక మడ్‌గార్డుల మీద, మడ్‌గార్డులు నిండాక వెనక నిచ్చెన మీద. లెక్క పూర్తి కానిదే కదలవు. ఆ రోజు ఇంకొక్క మనిషి తక్కువయ్యాడు. డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి వేసుకుని, “ఒక్కలు, ఒక్కలు” అని అరుస్తున్నాడు. జోగమ్మను ఆ పూట ఆపింది నా కంప్యూటరూ కాదు, పెద్దసారు కాపీ కాదు. ఆ డ్రైవరు కక్కుర్తి.

నేను వెళ్ళేసరికి సలోమి జీపు వెనకాల నిలబడి లచ్చయ్యను బతిమాలుతోంది.

“దిగుండ్రి లచ్చయ్యా. నెత్తురు ఎక్కించాలె.”

“నెత్తురు మస్తుగున్నదని చిన్న డాక్టరు చెప్పిండు గదమ్మా. కాయితం గూడ ఇచ్చిండ్రు. ఇంటికాడ ఇద్దరు పొల్లగాండ్లున్నరు, మళ్ళ ఉండుమంటే ఎట్ల?”

“కాయితం తప్పు. నేను రెండుసార్లు చూసిన, ఐదే ఉన్నది. గిట్ల పోతే కాన్పుకు తట్టుకోదు.”

జోగమ్మ వాళ్ళ భాషలో మొగుడితో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. ఆమె మొహాన్ని అప్పుడే మొదటిసారి చూశాను, అప్పటిదాకా ఆమె నాకు పద్నాలుగో నంబరు. పెదవులు కూడా తెల్లగా ఉన్నాయి. దానికి ల్యాబు చదువు అక్కర్లేదు, చూస్తే చాలు.

లచ్చయ్య స్లిప్పు విప్పి నా వైపు చాచాడు. “సార్, మీరు చెప్పుండ్రి. కాయితం మీదే గద. పోవాలా, ఉండాలా?”

పదమూడున్నర ఎట్లా వచ్చిందో నాకు తెలియదు. తెలియదని చెప్పడం అప్పటికింకా నాకు అలవాటు లేదు. “దిగుండ్రి. సలోమమ్మ మాట వినుండ్రి” అన్నాను. సామాన్లు దించుకుంటుంటే డ్రైవరు మమ్మల్ని బూతులు తిట్టాడు. ఒకరు తక్కువ కాస్తా నలుగురు తక్కువయ్యారు మరి, ఎందుకంటే వాళ్ళ వెంట లచ్చయ్య తల్లి కూడా ఉంది.

పెద్ద డాక్టరమ్మ ఆపరేషన్ నుంచి వచ్చి, స్లిప్పు చూడకుండానే రెప్ప లాగి చూసింది. తర్వాత మా అందరినీ చూసింది. ఆ చూపుకు చిన్న డాక్టరు గోడకు అంటుకుపోయాడు. రక్తం ఎక్కించారు, జ్వరానికి వైద్యం చేశారు. కొన్ని రోజులకు జోగమ్మ నడిచి ఇంటికి పోయింది, నెలలు నిండాక కాన్పుకు మా దగ్గరికే వచ్చింది. ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం.

ఎవరు పట్టుకుని ఉన్నారు

ఆ రోజే భోజనాల వేళ సలోమి మెషిన్‌తో డ్రైవరు లెక్కలు మళ్ళీ పంపించింది. స్లిప్పు వచ్చింది. దాన్నీ, జోగమ్మ స్లిప్పునూ నా టేబుల్ మీద పక్కపక్కన పెట్టింది. పైనుంచి కిందిదాకా ఒక్క అంకె తేడా లేదు. “కవలపిల్లలకు గూడ గిట్ల రాదు సార్” అంది.

ఆ తర్వాత ఒక క్యాలెండరు కాగితం వెనక్కి తిప్పి పెట్టింది. స్లిప్పు పోయినప్పుడల్లా టైము రాసుకుంది. “పొద్దున పది దాంక ఒక్కటి పోదు. పదిన్నర నుంచి ఒంటిగంట నడుమనే పోతయి. ఆదివారం అసలే పోవు. వైరు కదిలితే ఆదివారం గూడ కదలాలె గద సార్?”

గుమ్మడికాయల దొంగ అంటే నేను వెంటనే భుజాలు తడుముకున్నాను. పదిన్నర నుంచి ఒంటిగంట దాకా దవాఖానాలో ఉండి, ఆదివారం ఉండనిది ఎవరో నాకు తెలుసు. ఒక ఫైలును ప్రస్తుతం ఎవరెవరు తెరిచి పట్టుకున్నారో చెప్పే కమాండు ఉంది. మర్నాడు పదిన్నర దాటాక పోర్టు ఫైలు మీద అది కొట్టాను. రెండు పేర్లు వచ్చాయి. ఒకటి నా ప్రోగ్రాం, రెండోది నేనే పెట్టిన ఒక్క లైను.

ఆ తర్వాత అంతా అర్థమైంది. జోగమ్మ లెక్కలు సరిగ్గానే వచ్చాయి. ఆ వెంటనే వచ్చిన ‘పదిహేను’ అనే నంబరు లైను పెద్దసారు కిటికీలో పడిపోయింది. నంబరు మారినట్టు నా ప్రోగ్రాముకు తెలియదు. డ్రైవరు లెక్కలన్నీ తీసుకొచ్చి జోగమ్మ లెక్కల మీదే రాసేసింది. పెద్దసారు బీరువాలో కాగితం తీయించి చూశాను. పదిహేను అని ఒక్క లైను, దాని కింద ఏమీ లేదు. కంతలు కొట్టి, ట్యాగు కట్టి, భద్రంగా ఉంది. తప్పిపోయిన లైన్లన్నీ వారం రోజులుగా ఆ బీరువాలోనే ఉన్నాయి, ఆయన వాటిని ఒక్కసారి కూడా చదవలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు ఆ లైను తీసేశాను. పోర్టును నా ప్రోగ్రాం ఒక్కటే చదివేటట్టు చేశాను. అది చదివింది చదివినట్టు ఒక మామూలు ఫైలులో రాస్తుంది, పెద్దసారు కిటికీ దాన్ని చూపిస్తుంది. ఆయనకు తేడా తెలియలేదు. ఈ ఉద్యోగంలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పే విద్య అంతా ఇదే. పరికరాన్ని ఒక్కరే చదవాలి, మిగతావాళ్ళు ఆ ఒక్కరు రాసింది చదవాలి. తలుపు తెరవడం చేతనైంది కదా అని అందరికీ తెరవకండి. లైన్లన్నీ అందినట్టు రుజువు దొరికేదాకా మనిషి పేరు మీద ఏదీ రాయకండి. ఇది గంట పని. నేను ముందే చేసి ఉంటే ఈ కథ లేదు.

స్టెబిలైజరు

కంప్యూటర్ తప్పు గంటలో దిద్దుకున్నాను. ఇక రెండోది.

పెద్దసారు విచారణకు పిలిచారు. చెప్పేద్దామనే వెళ్ళాను. కూర్చోబెట్టి, నేను నోరు తెరవకముందే, “కరెంటే కదయ్యా? వోల్టేజి హెచ్చుతగ్గులు?” అన్నారు. ఆయన నా వైపు ఎంతో వాత్సల్యంగా చూస్తున్నారు. కాదు సార్, మీరు అడిగిన కాపీ వల్ల, నేను పెట్టిన లైను వల్ల అనాలి. అందులో ఉన్నవి పది మాటలే.

“అవ్ సార్, అయి ఉండొచ్చు” అన్నాను.

రిపోర్టు మూడు ప్రతుల్లో తయారైంది. దోషి వోల్టేజి. ఇరవై రోజుల తర్వాత ల్యాబుకు కొత్త స్టెబిలైజరు వచ్చింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు, పెద్దసారు రిబ్బను కత్తిరించారు, ఫొటో తీశారు. ఆ ఫొటోలో నేను చప్పట్లు కొడుతున్నాను.

దోషి వోల్టేజి అయినా, మెమో వోల్టేజికి ఇవ్వలేరు కదా. సలోమికి ఇచ్చారు. డ్యూటీ సమయంలో అనుమతి లేకుండా ల్యాబు విడిచి వెళ్ళినందుకు, రోగి బంధువుల ఎదుట దవాఖానా రిపోర్టును తప్పని అన్నందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. ఆ రెండో మాట ఆయనకు ఎట్లా తెలిసిందంటే, జీపు దగ్గర ఏం జరిగిందని అడిగితే నేనే చెప్పాను. మెమో టైపు చేసింది కూడా నేనే. అక్షర దోషం ఒక్కటి లేదు.

సలోమి సంజాయిషీ రాసిచ్చింది. ఆ ఏడు ఆమెకు రావలసిన సీనియర్ హోదా రాలేదు. ఆ తర్వాత కూడా ల్యాబులో ప్రతి ఒక్కరి రెప్పా లాగి చూస్తూనే ఉంది. నాతో మాట్లాడే తీరులో ఏ మార్పూ లేదు. అందుకే ఆమెకు ఏమీ తెలియదనుకుని ఏళ్ళ తరబడి హాయిగా ఉన్నాను.

వీడ్కోలు రోజున

నా రిటైర్మెంటు సభ అయ్యాక, శాలువా చంకలో పెట్టుకుని ల్యాబుకు వెళ్ళాను. సలోమి స్లైడులు కడుగుతోంది. పెద్దసారు అప్పటికే చనిపోయారు, ఇక భయపడటానికి కూడా ఎవరూ లేరు. కూర్చుని మొత్తం చెప్పాను. పోర్టు సంగతి, లైను సంగతి, వోల్టేజి సంగతి. ఆమె చేతులు తుడుచుకుంటూ విన్నది.

“నాకు ఎరికే సార్” అంది.

“ఎట్ల తెల్సు?”

“పెద్దసారు బువ్వకు పోయినప్పుడు మీరు ఆయన గదిలకు పోయి ఏందో తీసిండ్రు గద. గా దినం నుంచే స్లిప్పులు పోవుడు బందయ్యింది. స్టెబిలైజరు వచ్చింది ఇరవై దినాల తర్వాత.”

ఆ లెక్క అంత తేలికని నాకు ఎన్నడూ తట్టలేదు.

“మరి ఎవరికీ చెప్పకపోతివి?”

“మెమోకు మూడు దినాలు టైమిచ్చిండ్రు గద సార్. మూడో దినం పొద్దుగూకే దాంక రాయకుండ చూసిన. మీరు వచ్చి చెప్తరేమో అనుకున్న.” స్లైడు ఒకటి వెలుతురుకు ఎత్తి చూసి పక్కన పెట్టింది. “రాకపోతిరి. ఇగ తప్పు నాదే అని రాసిచ్చిన.”

ఆ సంజాయిషీకి కంతలు కొట్టి, ట్యాగు కట్టి బీరువాలో పెట్టింది నేను. అందులో ఏం రాసి ఉందో చదవలేదు.